ఫొటో లేని 9 సెంటీమీటర్లు: 1971 నాటి విక్రాంత్ నమూనాలో ఊహకు చోటుందా?

కొలబద్ద (విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. పాత విక్రాంత్ విమాన వాహక నౌక నమూనాను కిట్ సాయం లేకుండా 1/350 స్కేలులో కడుతున్నాను. 1971 డిసెంబరు 4న చిట్టగాంగ్, కాక్స్ బజార్‌ల మీదికి సీ హాక్ విమానాలను పంపిన నాటి రూపం నాకు కావాలి. అసలు నౌక పొడవు 700 అడుగులు కాబట్టి నమూనా 61 సెంటీమీటర్లు వచ్చింది. బాల్సా చెక్కలను పొరలు పొరలుగా అతికించి హల్, అంటే నౌక ఒడలు, చెక్కాను. మన ఊరి ఉప్పుగాలికి చెక్క తేమ పీల్చి మొదటి హల్ వంకర పోయింది. రెండోసారి ప్రతి పొరకూ చెక్క రంధ్రాలు మూసే శాండింగ్ సీలర్ పట్టించాక గాని నిలవలేదు.

ఇప్పుడు ఎడమ వైపు, విమానాలు ఎగిరే, దిగే ఫ్లైట్ డెక్ అంచు కింద, సిబ్బంది నడవడానికి వేలాడదీసిన క్యాట్‌వాక్ దగ్గర ఆగిపోయాను. ముందు భాగానికీ వెనుక భాగానికీ ఫొటోలు దొరికాయి. నడుమ పక్కకు కోణం తిరిగిన డెక్ బయటికి పొడుచుకు వచ్చిన చోట మాత్రం, నమూనాలో 9 సెంటీమీటర్లు, అంటే అసలు నౌకలో 31 మీటర్ల పైచిలుకు, నా దగ్గరున్న ఆ కాలపు ఫొటోలన్నింటిలోనూ నీడ పడి నల్లగా ఉంది. ఆస్ట్రేలియా వారి మెల్‌బోర్న్ దీనికి సోదర నౌకే, దాని ఫొటోలు బోలెడు దొరుకుతాయి. వాటిని చూసి ఈ ఖాళీని నింపవచ్చా, లేక తెలియనిదాన్ని తెలియనట్టే వదిలేయాలా? మీ అభిప్రాయాన్ని కారణంతో సహా చెప్పండి.

సూదిమొన (హైదరాబాద్)

కొలబద్ద గారూ, సూటిగా చెబుతాను: నింపకండి. ఈ సోదర నౌకల మెజెస్టిక్ తరగతి హల్‌లు ఆరూ ఒకే నమూనా మీద మొదలైనవే, కానీ రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వాటి దారులు వేరయ్యాయి. హెర్క్యులిస్ పేరుతో 1945 సెప్టెంబరులో నీళ్లలోకి దిగి, సగం పనితో ఏళ్ల తరబడి పడివున్న హల్‌ను మన దేశం 1957లో కొని, బెల్‌ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డులో పూర్తి చేయించుకుంటే, అది 1961 మార్చి 4న విక్రాంత్‌గా నావికాదళంలో చేరింది. మెల్‌బోర్న్ 1955లోనే ఆస్ట్రేలియా నావికాదళంలో, బోనావెంచర్ 1957లో కెనడా నావికాదళంలో చేరిపోయాయి. ఒక తల్లి పిల్లలే అయినా ముగ్గురూ మూడిళ్లలో పెరిగారు. డెక్ మీద గోపురంలా లేచే ఐలాండ్, మాస్టు, రాడార్లు దేనివి దానివే. ఐలాండ్ విషయంలో మెల్‌బోర్న్‌ను నమ్మని మీరు క్యాట్‌వాక్ విషయంలో ఎందుకు నమ్మాలి?

సోదర నౌకల దాకా ఎందుకు, విక్రాంతే కాలక్రమంలో మారింది. 40 మి.మీ. బోఫోర్స్ విమాన విధ్వంసక తుపాకుల గొట్టాలు పదహారుతో దళంలో చేరిన నౌకలో తర్వాత వాటి సంఖ్య తగ్గించారు కాబట్టి, 1961 ఫొటో చూసి 1971 నమూనాకు తుపాకులు అమర్చడం కూడా పొరపాటు కావచ్చు. ఇంకా పెద్ద పొరపాటు ముంబయిలో నౌకను ప్రదర్శనశాలగా ఉంచిన రోజుల్లో తీసిన ఫొటోలను నమ్ముకోవడం. సీ హారియర్‌ల కోసం 1980లలో ముందు భాగాన కట్టిన 9.75 డిగ్రీల స్కీ జంప్‌ను, అంటే విమానం ఎగరడానికి పైకి వంచిన డెక్ కొసను, అలాగే ఉంచి, దాని వెనుక సీ హాక్‌లను వరుసగా నిలబెట్టి, కింద 1971 అని పలక పెట్టిన నమూనాను నేను కళ్లారా చూశాను. 1971లో ఆ చోట ఉన్నది చదునైన డెక్కు, విమానాన్ని ముందుకు విసిరే ఆవిరి కాటపుల్ట్.

పాత నావికుడు (కాకినాడ)

నేను నమూనాలు కట్టేవాడిని కాను. ఈ చర్చలు చదువుతుంటాను, అంతే. 1980ల మొదట్లో రెండేళ్లపాటు ఆ నౌక మీద పనిచేశాను. మీరంటున్న క్యాట్‌వాక్‌లో ఎన్నిసార్లు నడిచానో లెక్క లేదు. అక్కడ మంటలార్పే గొట్టాల చుట్టలు, తెప్పల డబ్బాలు, తాళ్లు, ఎవరో ఆరేసి మరచిపోయిన గుడ్డలు, ఒక మనిషి ఎదురొస్తే పక్కకు ఒదిగి నిలబడవలసినంత ఇరుకు. ఖాళీగా నున్నగా ఉన్న క్యాట్‌వాక్‌ను నేను ఏ రోజూ చూడలేదు. తెలియదు కాబట్టి ఖాళీగా వదిలేస్తాననడం నిజాయితీ అని మీరనుకుంటున్నారు గాని, చూసేవాడికి అక్కడ ఏమీ లేదన్న అబద్ధం చెప్పడమే అవుతుంది బాబూ.

సూదిమొన (హైదరాబాద్)

మాస్టారూ, తమ అనుభవానికి నమస్కారం. అయితే తమరు నడిచింది పదేళ్ల తర్వాతి నౌకలో. గొట్టాల చుట్టలు ఉండి ఉంటాయని నేనూ నమ్ముతాను. ఎన్ని, ఎక్కడ, ఏ పరిమాణంలో అన్నదే ప్రశ్న. నమూనాలో ఒక వస్తువును అతికించాలంటే దానికి ఏదో ఒక చోటు నిర్ణయించక తప్పదు. "అక్కడక్కడా" అన్న మాటను జిగురుతో అతికించలేం.

ఆటవిడుపు (న్యూజెర్సీ)

ఇద్దరూ స్కేలును మరచిపోతున్నారని నా మనవి. 1/350లో మనిషి ఎత్తు 5 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. మనమంతా మురిసిపోయే, ఇత్తడి రేకును రసాయనంతో కొరికించి చేసే ఫొటో ఎచ్ రెయిలింగు మందం పదో వంతు మిల్లీమీటరు అనుకున్నా, అసలు నౌకలో అది మూడున్నర సెంటీమీటర్ల కడ్డీతో సమానం. అసలు రెయిలింగుకు ఉండేది సన్నటి తీగ. బోఫోర్స్ గొట్టానికి అందరమూ వాడే 31 గేజ్ ఇన్సులిన్ సూది 0.26 మి.మీ., అంటే 9 సెంటీమీటర్ల గొట్టం. ఇన్ని చోట్ల నిజాన్ని లావు చేసి చూపుతూ, నాలుగు తెప్పల డబ్బాల దగ్గర మాత్రం సత్యహరిశ్చంద్రులం కావడం నాకు నవ్వు తెప్పిస్తోంది. రెండడుగుల దూరం నుంచి చూసేవాడికి ఆ నీడలో ఏదో ఉందని అనిపిస్తే చాలు.

సూదిమొన (హైదరాబాద్)

ఆటవిడుపు గారూ, మీ లెక్క సరైనదే, దాని మీద కట్టిన వాదన సరైనది కాదు. రెయిలింగు లావుగా ఉందని అందరికీ తెలుసు. లోహాన్ని అంతకన్నా పలచగా కోయలేమన్న ఒప్పందం చేసేవాడికీ చూసేవాడికీ నడుమ ముందే ఉంది. తెప్ప డబ్బా విషయంలో అలాంటి ఒప్పందమేదీ లేదు. అది కనబడితే ఉందనే నమ్ముతారు. నమూనా బల్ల మీద ఉండిపోతే నాకూ పట్టింపు లేదు, కానీ దాన్ని ఫొటో తీసి నెట్‌లో పెడతారు. విక్రాంత్ కట్టాలనుకున్న మరొకరు రేపు ఆ ఫొటో చూసే తమ క్యాట్‌వాక్ నింపుతారు. ఎల్లుండి ఇంకొకరు రెండు నమూనాల్లోనూ ఒకేలా ఉంది కాబట్టి నిజమేనంటారు. 3డీ ప్రింట్ ఫైళ్లు చేతులు మారే ఈ కాలంలో ఒకరి ఊహ ఆరు నెలల్లో ఆధారమై కూర్చుంటోంది. పోల్చి చూడటానికి అసలు నౌక కూడా మిగల్లేదు; 2014లో మొదలుపెట్టి దాన్ని విరగ్గొట్టేశారు. ఈ బాధ్యత మనకు మరింత పెరిగింది అందుకే.

చిత్రిక (విజయవాడ)

నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను. మా దగ్గర గోడ సగం కూలిన మండపం వచ్చినప్పుడు ఇదే ప్రశ్న ఎదురవుతుంది. అక్కడ మేము రెండింటిని విడదీస్తాం: కట్టడం నిలబడాలంటే ఉండి తీరవలసినవి, ఉంటే ఉండవచ్చుననిపించేవి. పైకప్పు ఉందంటే దాన్ని మోసిన స్తంభం ఉండే తీరాలి. స్తంభం మీద శిల్పం ఉండి ఉండవచ్చు. స్తంభం నిలబెడతాం, శిల్పం చెక్కం. కొలబద్ద గారి 9 సెంటీమీటర్లకు రెండు వైపులా క్యాట్‌వాక్ ఉన్నట్టు ఫొటోలు చెబుతున్నప్పుడు, నడుమ సిబ్బంది గాలిలో నడవలేదు కదా. నడక పలక, దాన్ని హల్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు, రెయిలింగు: ఇవి ఊహ కాదు, అనివార్యం. డబ్బాలు, చుట్టలు శిల్పం లాంటివి. నమూనా అడుగు చెక్కలో ఏది ఆధారంతో చేశారో, ఏది లేకుండా చేశారో రాసిన చీటీ కూడా పెట్టండి.

పాత నావికుడు (కాకినాడ)

అమ్మా, నీ మాట వినసొంపుగా ఉంది. కానీ నౌక మండపం కాదు. మండపంలో శిల్పం లేకపోయినా అది మండపమే. మంటలార్పే గొట్టం లేని క్యాట్‌వాక్‌తో, విమానాల పెట్రోలు మోసే నౌక రేవు దాటదు. మీరు అనివార్యం అన్నదాన్ని ఇంజనీరు కళ్లతో చూస్తున్నారు, అక్కడ డ్యూటీ చేసిన వాడి కళ్లతో కాదు.

సూదిమొన (హైదరాబాద్)

చిత్రిక గారి విభజనను ఒప్పుకుంటాను. చీటీ మీద నాకు నమ్మకం లేదు. అడుగు చెక్కను తిరగేసి చదివేవారు ఎవరున్నారు? మాస్టారి చివరి మాటకు మాత్రం, నిజం చెప్పాలంటే, నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఆటవిడుపు (న్యూజెర్సీ)

ఆధారాల పట్టింపు అంత ఉన్నప్పుడు ఒక సంగతి గుర్తుచేస్తాను. కొలబద్ద గారు నమూనాను సముద్రపు అలల మీద నిలిపేటట్లయితే, ముక్కు దగ్గర నురుగును పొంగించకండి. బాయిలర్‌లో పగుళ్ల వల్ల ఆ యుద్ధంలో నౌక తన 24.5 నాట్ల వేగానికి చాలా తక్కువలోనే నడిచింది. దాన్ని చాటి చెప్పే ఫొటో అక్కర్లేదు, చరిత్రలో రాసి ఉంది.

కొలబద్ద (విశాఖపట్నం)

అందరికీ కృతజ్ఞతలు. అలల సూచన బాగుంది. నేను వేసుకున్న స్కెచ్‌లో నురుగు కాటపుల్ట్ ఎత్తుకు లేచింది, చెరిపేశాను.

క్యాట్‌వాక్ విషయంలో చిత్రిక గారి దారిలో వెళ్లాను. పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు నుంచి త్రికోణపు బ్రాకెట్లు ఇరవై రెండు కోశాను. ఒక్కోటి బియ్యపు గింజలో సగం ఉంటుంది; నాలుగు పట్టకారు నుంచి ఎగిరి గచ్చు మీద ఎక్కడో పడ్డాయి, చీపురుకు కూడా దొరకలేదు. నడక పలకా రెయిలింగూ పెట్టాను. మెల్‌బోర్న్ ఫొటోలను పక్కన పెట్టేశాను. చీటీ కూడా రాస్తున్నాను, సూదిమొన గారు ఒక్కరైనా తిరగేసి చదువుతారని.

మాస్టారి మాట మాత్రం రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. అందుకని తమరు చెప్పిన గొట్టాల చుట్టలు మూడు, తెప్పల డబ్బాలు రెండు తయారు చేసి, రంగు వేసి, అతికించకుండా ఒక అగ్గిపెట్టెలో దూది మీద పెట్టాను. ఆ ఎడమ వైపు ఫొటో ఎవరి పాత ట్రంకు పెట్టెలోనైనా బయటపడితే ఈ చర్చలోనే పెట్టండి. జిగురు సీసా దగ్గరే ఉంది.