అప్‌డేట్: తమ్ముడి పెళ్లికి పట్టు లేని చీర దొరికింది

జీవహింస వద్దని పట్టు, ఉన్ని, తోలు మానేశాను, తమ్ముడి పెళ్లికి ఏం కట్టుకోవాలి, దిండ్లు, సబ్బుల సంగతేంటి అని ఇంతకుముందు అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

గద్వాల చీర నూలుదే కదా అని కొందరన్నారు. ఒళ్లంతా నూలే ఉన్నా, మామూలుగా అంచు, కొంగు పట్టువి. 'సికో' (సిల్క్-కాటన్) అన్నా పట్టు కలిసినట్టే. చివరికి ముదురు ఎరుపు పోచంపల్లి కాటన్ ఇక్కత్ తీసుకున్నా. "పెళ్లికి నూలు చీరేంది బిడ్డా, నలుగురు ఏమనుకుంటరు?" అని అమ్మ బాధపడింది. పురుగు గూట్లో ఉండగానే ఉడకబెట్టి దారం తీస్తారని చెప్పా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే దగ్గరుండి మ్యాచింగ్ జాకెట్ కుట్టించింది. నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

దిండ్లకు బూరుగు దూది పెట్టించా. మెత్తగా ఉంది, ఎండలో వేస్తే మళ్లీ పొంగుతుంది. సబ్బు కవరు మీద 'సోడియం టాలోవేట్' అని ఉంటే అది జంతువుల కొవ్వుతో చేసింది, వదిలేయండి. పెదాలకు రాసేవాటిలో తేనెమైనం, ల్యానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) ఉన్నాయేమో చూసుకోండి. తలకు కుంకుడుకాయలే.

చెప్పులే ఇంకా తేలలేదు. రెక్సిన్‌వి మా నల్గొండ ఎండకు పగిలిపోతున్నాయి. గట్టివి ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి.