లాక్‌డౌన్ నాటి ఆరోగ్యపు అలవాట్లలో మీ ఇంట్లో ఏవి మిగిలాయి?

ప్రశ్న: 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయ్యాక మా ఇంట్లో బయటి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం, రాత్రి పసుపు పాలు తాగడం, సాయంత్రం మేడ మీద నడవడం అలవాటయ్యాయి. వాటిలో చేతులు కడుక్కోవడం ఒక్కటే నిలిచింది. మీ ఇళ్లలో ఏవి నిలిచాయి?

జవాబు 1: మా అమ్మగారికి మధుమేహం. పార్కు మూసివేయడంతో ఆవిడ వరండాలోనే ఈ చివరి నుంచి ఆ చివరికి, చుట్టుకొక చింతగింజ గిన్నెలో వేసుకుంటూ నడిచేవారు. ఆ గిన్నె ఇప్పటికీ కిటికీలోనే ఉంది. వాన పడితే ఆవిడ నడక అక్కడే.

జవాబు 2: తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షలతో కాచిన కషాయాన్ని రోజుకు ఒకటి రెండుసార్లు తాగమని ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచిస్తే, మా నాన్నగారు నాలుగైదుసార్లు తాగి కడుపులో మంట తెచ్చుకున్నారు. మోతాదు మాట ఎవరమూ పట్టించుకోలేదు, అది మా తప్పే.

జవాబు 3: నాకు మిగిలింది చెడ్డ అలవాటు. ఇంటి నుంచి పని చేసిన రోజుల్లో అర్ధరాత్రి దాటాక పడుకోవడం మొదలై, నేటికీ నిద్ర వేళ కుదుటపడలేదు. అయితే వైద్యుడితో ఫోనులో మాట్లాడి మందులు సరిచూసుకోవడం అప్పుడే నేర్చుకున్నాను. బీపీ మాత్రం ఇప్పటికీ స్వయంగా వెళ్లే చూపించుకుంటాను.