సీఈఓ కుర్చీకి బయటివాళ్లెందుకు? లోపల పెరిగినవాళ్లు పనికిరారా?

గచ్చిబౌలి గళం

ఐటీ సర్వీసుల్లో మేనేజర్‌ని. చాలాకాలంగా మనసులో ఉన్న మాట ఇక్కడ పెడుతున్నాను, ఒప్పుకోనివాళ్లు గట్టిగానే వాదించండి. కంపెనీ బాగానే నడుస్తూ, లోపల ఇరవై ఏళ్ల సీనియర్లు ఉన్నప్పుడు, ఎగ్జిక్యూటివ్ సెర్చ్ సంస్థకు, అంటే పెద్ద పదవులకు మనుషుల్ని వెతికిపెట్టేవాళ్లకు, బోలెడు ఫీజు కట్టి బయటి నుంచి సీఈఓని తేవడం తప్పు.

విప్రో సంగతి చూడండి. 2020లో ఫ్రెంచ్ ఐటీ సంస్థ క్యాప్‌జెమిని నుంచి థియరీ డెలాపోర్ట్‌ని తెచ్చారు. ఆయన పారిస్‌లో ఉంటూనే కంపెనీని నడిపారు. 2022-23లో ఆయన జీతభత్యాలు 80 కోట్ల రూపాయలు దాటాయి. అదే ఆర్థిక సంవత్సరంలో, 2023 ఫిబ్రవరిలో, ఆరున్నర లక్షల ఆఫర్ చేతిలో పెట్టుకుని ఎదురుచూస్తున్న ఫ్రెషర్లకు మూడున్నర లక్షలకు చేరతారా అని మెయిల్ వెళ్లింది. ఐదేళ్లు నిండకుండానే 2024 ఏప్రిల్‌లో ఆయన వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరిని కూర్చోబెట్టారు? 1992 నుంచి విప్రోలోనే ఉన్న శ్రీనివాస్ పల్లియాని. ఆయన 2020లో కూడా అక్కడే ఉన్నారు కదా!

కాగ్నిజెంట్‌దీ ఇదే దారి. 2019లో వోడాఫోన్ నుంచి బ్రయాన్ హంఫ్రీస్‌ని తెచ్చుకున్నారు, 2023 జనవరిలో తప్పించారు.

ఇప్పుడు టీసీఎస్‌ని చూడండి. 2023 మార్చిలో రాజేశ్ గోపీనాథన్ ఉన్నట్టుండి రాజీనామా చేశారు. తర్వాతి సీఈఓగా కృతివాసన్ పేరు అదే రోజు వచ్చేసింది. ఆయన దశాబ్దాలుగా టీసీఎస్‌లోనే ఉన్న మనిషి. ఏ ఉద్యోగికీ టెన్షన్ లేదు, ఏ క్లయింటూ కంగారుపడలేదు. బోర్డు తన పని ముందే చేసిపెట్టుకుంటే ఇలా ఉంటుంది.

ఎడిసన్ ఆంధ్ర

బ్రదర్, కాగ్నిజెంట్ కథ సగమే చెప్పారు. హంఫ్రీస్ తర్వాత వచ్చిన రవికుమార్ కూడా బయటివారే, ఇరవై ఏళ్లు ఇన్ఫోసిస్‌లో పనిచేసి వచ్చారు. అంటే ఒక బయటి మనిషి కుదరకపోయినా, ఆ బోర్డు మళ్లీ బయటికే వెళ్లింది.

పెద్ద ఉదాహరణ కావాలంటే 1993 నాటి ఐబీఎం. ఆ ఒక్క ఏడాదే సుమారు 800 కోట్ల డాలర్ల నష్టం. కంపెనీని ముక్కలు చేసి, వేటికవి విడివిడిగా నడిపించాలని లోపలివాళ్లు ప్లాన్ కూడా వేసుకున్నారు. అప్పుడొచ్చిన లూ గెర్స్ట్‌నర్ అంతకుముందు బిస్కెట్లు, సిగరెట్లు అమ్మే ఆర్‌జేఆర్ నబిస్కో అధిపతి. కంప్యూటర్ల గురించి ఆయనకేం తెలుసని అందరూ పెదవి విరిచారు. ఆయన వచ్చి ముక్కలు చేయడం ఆపించారు. అంతకుముందు పెద్ద కస్టమర్‌గా ఐబీఎం వస్తువులు కొన్న మనిషి కాబట్టి, కొనేవాళ్లకు అన్నీ ఒకేచోట దొరకడం ఎంత అవసరమో ఆయనకు తెలుసు. లోపలివాళ్లు ఆ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. 2006లో బోయింగ్ నుంచి ఫోర్డ్‌కి వెళ్లిన అలన్ ములాలీ కూడా అలాగే నిలబెట్టారు.

ఇల్లు కాలిపోతున్నప్పుడు సీనియారిటీ లిస్టు తిరగేస్తామా?

గచ్చిబౌలి గళం

ఇల్లు కాలుతున్నప్పుడు ఎవరిని పిలిచినా తప్పు లేదండీ. నేనన్నది బాగా నడుస్తున్న కంపెనీల గురించి. అదే ఐబీఎంకు 2020లో సీఈఓ అయిన అరవింద్ కృష్ణ 1990లో అక్కడ చేరారు. సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి 2014లో సీఈఓ అయ్యారు. మీరన్న ములాలీని కూడా ఆ బోర్డు పరిశీలించింది. నెలల తరబడి వెతికి, చివరికి తమ దగ్గరే క్లౌడ్ విభాగం నడుపుతున్న హైదరాబాదు మనిషిని ఎంచుకుంది. శంతను నారాయణ్ 1998లో అడోబీలో చేరి 2007లో సీఈఓ అయ్యారు. మనవాళ్లని మనం గర్వంగా చెప్పుకునే ఈ పేర్లన్నీ లోపలి నుంచి పైకి ఎదిగినవే. బయటి నుంచి నేరుగా కుర్చీ ఎక్కిన లక్ష్మణ్ నరసింహన్‌ని స్టార్‌బక్స్ ఏడాదిన్నర కూడా ఉంచలేదు.

బంజారాహిల్స్ సెర్చ్

నేను ఈ ఎగ్జిక్యూటివ్ సెర్చ్ పనిలోనే ఉన్నాను. మీరిద్దరూ ఫలితాల గురించి మాట్లాడుతున్నారు. ఆ ఎంపిక గదిలో ఏం జరుగుతుందో నేను చెబుతాను.

మా ఫీజు మామూలుగా, ఎంపికైనవారి మొదటి ఏడాది జీతంలో మూడో వంతు దాకా ఉంటుంది. కొంత పని మొదలుపెట్టినప్పుడు, కొంత షార్ట్‌లిస్ట్ ఇచ్చినప్పుడు, మిగతాది చివర్లో తీసుకుంటాం. బయట పెద్దగా తెలియని నియమం ఇంకొకటుంది. మేం 'ఆఫ్ లిమిట్స్' అంటాం. మాకు పని ఇచ్చిన క్లయింట్ కంపెనీల నుంచి కొంతకాలం వరకు మనుషుల్ని లాగకూడదు. సంస్థ ఎంత పెద్దదైతే క్లయింట్లు అంత ఎక్కువ, అంటే ముట్టుకోకూడని కంపెనీలు కూడా అంత ఎక్కువ. ప్రపంచమంతా గాలించామని బోర్డు ముందు పెట్టే జాబితాలోంచి ముందే ఎవరెవరు తప్పుకున్నారో బోర్డు అడగాలి. నేను చూసినంతలో అడిగేవాళ్లు తక్కువ.

ఇక లోపలివాళ్ల సంగతి. మందుల తయారీ కంపెనీ ఒకటి, పేరు వద్దు. ఫ్యాక్టరీలన్నీ చూసుకునే సీనియర్ ఒకరు, బయటివాళ్లు ఇద్దరు, మొత్తం ముగ్గురు తుది రౌండ్‌కి వచ్చారు. బయటివాళ్లిద్దరినీ వచ్చే ఐదేళ్లలో ఈ కంపెనీని ఎక్కడికి తీసుకెళ్తారని అడిగారు. లోపలి ఆయన్ని మాత్రం కూర్చోగానే నాలుగేళ్ల కిందటి అమెరికా మందుల నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) తనిఖీలో వచ్చిన అభ్యంతరాల గురించి అడిగారు. ఇంటర్వ్యూ ముప్పావు వంతు దాంతోనే సరిపోయింది. ఆయన ఫైలు తెరిచి, ఏ అభ్యంతరం ఏ నెలలో ఎలా సరిచేశారో వరసగా చెప్పుకుంటూ పోయారు. ఐదేళ్ల ప్లాన్ రాసి తెచ్చుకున్న కాగితాలు కవర్లోనే ఉండిపోయాయి. బయటివాళ్ల కంపెనీల్లో కూడా అలాంటి తనిఖీలు జరిగే ఉంటాయి. ఆ కాగితాలు ఈ బోర్డు ముందు లేవు, అంతే తేడా. ఉద్యోగం బయటి ఆయనకే వెళ్లింది. మాకు ఫీజు వచ్చింది. ఆ ఎంపిక సరైనదని నేను ఈరోజుకీ అనుకోవడం లేదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని బోర్డులు నిజంగానే నమ్ముతాయి. అలాగని గచ్చిబౌలి గారి మాటను పూర్తిగా ఒప్పుకోను. ఇరవై ఏళ్లు డెలివరీలోనే, అంటే క్లయింట్ల ప్రాజెక్టులు పూర్తిచేసే పనిలోనే ఉంచి, ఒక్కసారి కూడా లాభనష్టాల బాధ్యత ఇవ్వని మనిషిని నేరుగా సీఈఓ కుర్చీలో కూర్చోబెట్టమంటే ఎలా? ఆ బాధ్యత ఇవ్వకపోవడం బోర్డు తప్పు. దాని ఫలితం మాత్రం ఆ మనిషి అనుభవిస్తాడు.

మాదాపూర్ పాతకాపు

ఇంత చర్చలో సత్యం కంప్యూటర్స్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? 2009 జనవరి 7న లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ దాని చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడిన రోజుల్లో నేను మాదాపూర్‌లోనే వేరే కంపెనీలో ఉన్నాను. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ లాంటివాళ్లతో కొత్త బోర్డు వేసింది. ఇంత మచ్చపడ్డ కంపెనీకి కచ్చితంగా బయటి నుంచి పెద్ద పేరున్నవాళ్లను తెస్తారని మేమంతా అనుకున్నాం. ఫిబ్రవరి 5న 1994 నుంచి సత్యంలోనే ఉన్న ఎ.ఎస్.మూర్తిని సీఈఓ చేశారు. సలహాదారులను మాత్రం బయటి నుంచి వేశారు.

అప్పట్లో చాలామంది విమర్శించారు. నా దృష్టిలో అది తెలివైన నిర్ణయం. కుళ్లింది లెక్కల పుస్తకాలు. క్లయింట్ల ప్రాజెక్టులు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. ఆ వారాల్లో కంపెనీ బతకాలంటే క్లయింట్లు వెళ్లిపోకూడదు, ఇంజినీర్లు వెళ్లిపోకూడదు. వాళ్లకు ఫోన్ చేసి 'నేను ఉన్నాను' అనగలిగేది వాళ్లకు ముందే తెలిసిన మనిషే. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనేదాకా కంపెనీ నిలబడింది.

కాబట్టి ఎడిసన్ గారూ, ఇల్లు కాలుతుంటే బయటివాళ్లే రావాలన్న మీ లెక్క అన్నిచోట్లా చెల్లదు. చెడింది ఏ భాగమో ముందు చూడాలి. ఐబీఎంలో చెడింది వ్యాపారపు ఆలోచన, దానికి కొత్త కళ్లు కావాల్సి వచ్చింది. సత్యంలో పోయింది నమ్మకం. దాన్ని తెలిసిన ముఖమే నిలబెట్టగలదు.

బెజవాడ వ్యాపారి

పాతకాపు గారి పోస్టుకి దండం. నాది కుటుంబ వ్యాపారం, అందుకే ఇంకో వైపు నుంచి చెబుతాను. మన దేశంలో సగం గొడవ సీఈఓతో కాదు, ఆయన పైన కూర్చున్నవాళ్లతో.

ఇన్ఫోసిస్‌లో 2014 దాకా సీఈఓలందరూ వ్యవస్థాపకులే. ఆ ఏడాది బయటి నుంచి విశాల్ సిక్కా వచ్చారు. పనాయా అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనుగోలు, మాజీ సీఎఫ్‌ఓకి (ఆర్థిక విభాగాధిపతికి) ఇచ్చిన పరిహారం, సిక్కా సొంత జీతం, అన్నింటి మీదా వ్యవస్థాపకులకూ బోర్డుకూ బహిరంగంగా గొడవ. 2017 ఆగస్టులో రాజీనామా చేశారు. తర్వాత 2018 జనవరిలో వచ్చిన సలీల్ పరేఖ్ కూడా బయటివారే. ఆయన పదవీకాలాన్ని 2027 మార్చి దాకా పొడిగించారు. ఈయన వచ్చేనాటికి నందన్ నీలేకని చైర్మన్‌గా తిరిగొచ్చి పై గొడవలను సర్దేశారు. గమనించారా, సలీల్ పరేఖ్, డెలాపోర్ట్ ఇద్దరూ క్యాప్‌జెమిని నుంచే వచ్చారు. ఒకాయన కుదురుకున్నారు, ఒకాయన మధ్యలో వెళ్లిపోయారు. బయటివాడా లోపలివాడా అన్నదొక్కటే అసలు సంగతైతే ఈ తేడా ఎందుకొచ్చింది?

మన హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ చేసిన పద్ధతి నాకు నచ్చింది. ఇజ్రాయెల్‌కు చెందిన ఎరెజ్ ఇజ్రేలీని 2018లో సీఓఓగా, అంటే రోజువారీ పనులు చూసే చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్‌గా తీసుకున్నారు. ఏడాదికి పైగా పని చూసి, 2019 ఆగస్టులో సీఈఓని చేశారు. యజమాని కుటుంబానికి చెందిన సతీశ్ రెడ్డి, జి.వి.ప్రసాద్ పైన ఉన్నారు. మా అబ్బాయి కాలానికి మా వ్యాపారంలోకి బయటి మనిషిని తేవాల్సి వస్తే నేనూ ఇలాగే చేస్తాను.

ఎడిసన్ ఆంధ్ర

పాతకాపు సార్, సత్యం విషయం ఒప్పుకుంటున్నాను. నా మాటను మార్చుకుని, వ్యాపారపు దారే తప్పినప్పుడు బయటివాళ్లు కావాలంటాను. బెజవాడ గారు చెప్పిన సీఓఓ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. సీఈఓ పదవి వస్తుందని కచ్చితంగా చెప్పకుండా పెద్ద స్థాయి మనిషి తన ఉద్యోగం వదులుకుని రాడు. కచ్చితంగా చెబితే ఆ ఏడాది చూడటానికి అర్థమే లేదు.

గచ్చిబౌలి గళం

అందరి మాటలూ చదివాక నా వాదనను ఇలా మార్చి పెడుతున్నాను. బయటివాళ్లను తేవొద్దనడం లేదు. లోపల ఎందుకు దొరకలేదో కంపెనీ చెప్పాలి. 2023లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన నియమం ప్రకారం లిస్టెడ్ కంపెనీలో సీఈఓ పదవి ఖాళీ అయితే మామూలుగా మూడు నెలల్లో నింపాలి. వారసుల ప్లాన్ (తర్వాత ఆ కుర్చీలోకి ఎవరన్నది) ఉందో లేదో బోర్డు చూసుకోవాలని అంతకుముందు నుంచే ఉంది. ఆ ప్లాన్ వాటాదారుల కంట పడదు, ఉద్యోగుల కంట అసలే పడదు. దాన్ని యాన్యువల్ రిపోర్టులో పెట్టాలి.

ఎడిసన్ ఆంధ్ర

పెడితే ఏమవుతుందో అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ)లో చూశాం. దాని సీఈఓ జాక్ వెల్చ్ తర్వాత ఎవరన్న పోటీలో ముగ్గురున్నారని లోకమంతటికీ తెలుసు. 2000 చివర్లో జెఫ్ ఇమెల్ట్‌ని ఎంచుకోగానే మిగతా ఇద్దరిలో నార్డెల్లీ హోమ్ డిపోకీ, మెక్‌నెర్నీ 3ఎంకీ సీఈఓలుగా వెళ్లిపోయారు. పేర్లు బయటపెట్టడమంటే సెర్చ్ సంస్థల చేతికి మనమే జాబితా ఇవ్వడం. బంజారాహిల్స్ మేడమ్ గారే చెప్పాలి, అంతేనా?

బంజారాహిల్స్ సెర్చ్

అంతే, నిజం దాచను. అలాంటి పేర్లు బయటికొస్తే మేం ఆ వారమే ఫోన్లు మొదలుపెడతాం. కానీ పేర్లు అక్కర్లేదు. సీఈఓ కింది రెండు వరసల్లో లాభనష్టాల బాధ్యత మోస్తున్నవాళ్లు ఎంతమంది, వాళ్లలో గత మూడేళ్లలో వేరే విభాగానికి మారినవాళ్లు ఎంతమంది, బోర్డు ముందు నేరుగా కూర్చుని మాట్లాడినవాళ్లు ఎంతమంది, ఈ మూడు అంకెలు చాలు. వాటిని చూస్తే ఆ కంపెనీ మా దగ్గరికి ఎప్పుడొస్తుందో నేను ముందే చెప్పగలను.

గచ్చిబౌలి గారూ, మీకు ఈఎస్‌ఓపీ (కంపెనీ ఉద్యోగులకిచ్చే) షేర్లు ఉండే ఉంటాయి. ఏజీఎంలు, అంటే వాటాదారుల వార్షిక సమావేశాలు, ఇప్పుడు ఎక్కువగా వీడియోలోనే జరుగుతున్నాయి, గడువులోగా స్పీకర్‌గా పేరు నమోదు చేసుకుంటే వాటాదారు మాట్లాడవచ్చు. ఈ మూడు అంకెలూ అక్కడ అడగండి.

గచ్చిబౌలి గళం

షేర్లు ఉన్నాయి మేడమ్. నోటీసు రాగానే పేరు ఇస్తాను. మీరు చెప్పిన మూడు అంకెలకు నాలుగోది కలుపుతున్నాను: పోయిన ఏడాది సెర్చ్ సంస్థలకు కట్టిన ఫీజు మొత్తం ఎంత?