అప్‌డేట్: ఆజ్టెక్ పలకలో పుల్లలు గుచ్చిన బంతి ఏంటో తేలింది

మెక్సికో సిటీ మానవశాస్త్ర మ్యూజియంలో ఆజ్టెక్‌ల (స్పెయిన్‌వాళ్లు రాకముందు మెక్సికోను ఏలినవాళ్లు) రాతిపలకలో ఇద్దరు రాజుల మధ్య ఉన్న గుండ్రటి వస్తువేంటని అడిగాను కదా. అది గడ్డితో అల్లిన బంతి, పేరు సకతపయోల్లి. నెత్తురు తీశాక ఎముక దబ్బనాల్ని అందులో గుచ్చుతారు. అసలు ముందు చూడాల్సింది చెవుల దగ్గర: చేతిలో దబ్బనం, చెవి నుంచి కిందికి వంపు తిరిగే నెత్తుటి ధార. దాన్ని నగ అనుకుంటే బొమ్మ మొత్తం తప్పుగా అర్థమవుతుంది. ఇక్కడ నరబలి లేదు, రాజులు తమ నెత్తురే ఇస్తున్నారు.

పక్కనున్న గుర్తులు వాళ్ల పేర్లు. కాలు ఉంటే టిజోక్, నీటి జంతువు ఉంటే అతని తర్వాత రాజైన అహుయిట్జోట్ల్. కింద పెద్దగా చెక్కిన '8 రెల్లు' ఆజ్టెక్ పంచాంగంలో ఒక ఏడాది పేరు, అంటే 1487, వాళ్ల రాజధానిలోని ప్రధాన ఆలయ ప్రతిష్ఠ జరిగిన ఏడాది. టిజోక్ 1486లోనే చనిపోయాడు. కాబట్టి ఇది కళ్లారా చూసి చెక్కిన దృశ్యం కాదు, అహుయిట్జోట్ల్ వారసత్వాన్ని చాటే బొమ్మ.