తమ్ముడికి విలియమ్స్ సిండ్రోమ్, మోషన్ సరిగా అవ్వట్లేదు. ఇసబ్గోల్ వేయొచ్చా?

అమలాపురం దగ్గర్నుంచి రాస్తున్నానండి. తమ్ముడికి 29 ఏళ్లు, విలియమ్స్ సిండ్రోమ్ అంటే పుట్టుకతో వచ్చిన జన్యు సమస్య. నాలుగు రోజులకోసారి గానీ దొడ్డికి వెళ్లడు. అడిగితే "అయిపోయింది" అనేస్తాడు. నిన్నటి నుంచి లుంగీకి నీళ్లలా అంటుకుంటోంది. విరేచనాలు కట్టే మాత్ర వేస్తానని అమ్మ, వద్దని నేను. పొట్టేమో గట్టిగా ఉంది.

పాలకొల్లు నుంచి:
ఆపి మంచి పని చేశావు తల్లీ. గట్టిపడ్డ మలం అడ్డుపడితే దాని పక్కల నుంచి నీళ్లు కారతాయి, చూడ్డానికి విరేచనాల్లాగే ఉంటుంది. ఇప్పుడు ఇసబ్గోల్ కూడా వద్దు. అది నీళ్లు పీల్చి ఉబ్బి, ఉన్న అడ్డుని పెంచుతుంది. ఈ రోజే డాక్టరుతో పొట్ట పట్టి చూపించు. మా పిల్లకి (33 ఏళ్లొచ్చినా నాకు పిల్లే) మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలిన్ గ్లైకాల్ పొడి రాశారు. మోతాదు మాత్రం డాక్టరే చెప్పాలి.

రక్తంలో కాల్షియం కూడా చూడమని నువ్వే అడుగు. విలియమ్స్ ఉన్నవాళ్లలో అది పెరిగే గుణం ఉంది, పెరిగితే మలబద్ధకం వస్తుంది. ఎముకలకి బలమని మందుల షాపులో చెబితే మేం కాల్షియం, డి విటమిన్ మాత్రలు ఆర్నెల్లు వేశాం. పరీక్ష లేకుండా వేయకూడదని తర్వాత తెలిసింది.

ఇంకోటి. పేగు గోడకి తిత్తుల్లా వచ్చి వాచిపోయే జబ్బు, డైవర్టిక్యులైటిస్, మామూలుగా పెద్ద వయసులో చూస్తాం. వీళ్లకి చిన్న వయసులోనే రావచ్చు. జ్వరం, వాంతులు, తగ్గని పొట్టనొప్పి, రక్తం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా కాకినాడో రాజమండ్రో తీసుకుపోండి.

రాజోలు నుంచి:
తేగలు పెట్టండి, మంచి పీచు.

పాలకొల్లు నుంచి:
అయ్యా, అడ్డు తీరాక పెడదాం! అప్పుడైనా నీళ్లు బాగా తాగితేనే పీచు పనిచేసేది.

అడ్డు తీరాక రోజూ టిఫిన్ తిన్న పావుగంటకి కూర్చోబెట్టమ్మా, పేగు కదిలేది అప్పుడే. కమోడ్ అయితే కాళ్ల కింద పీట వెయ్యి. వెళ్లిన రోజు క్యాలెండర్లో గీత పెట్టు, తన మాట మీద వదిలెయ్యకు. చప్పుళ్లంటే తనకి భయమా? మా పిల్ల ఫ్లష్ మోతకి జడిసి బిగపట్టుకునేదని మాకు రెండేళ్లకి గానీ అర్థం కాలేదు. ఇప్పుడు బకెట్‌తో నీళ్లు పోస్తున్నాం.

అమలాపురం నుంచి:
చూపించాం పిన్నిగారూ, అడ్డేనట. ఎనీమా ఇచ్చి పొడి రాశారు. కాల్షియంకి రక్తం తీశారు, రిపోర్టు రేపు. మా నీళ్ల మోటారు బాత్రూమ్ గోడకి ఆనుకునే ఉందండి. పొద్దున్న వాడు లోపలికెళ్లే వేళకే నాన్న స్విచ్ వేస్తారు.