రెండో అకౌంట్ సంగతి అందరికీ ఎలా తెలిసిపోతోంది?

ప్రశ్న:
ఇన్‌స్టాగ్రామ్‌లో అసలు పేరుతో ఒక అకౌంట్, కవితలకు కలం పేరుతో ఇంకోటి. రెండోదాని గురించి ఎవరికీ చెప్పకపోయినా ఆఫీసువాళ్లకు, చుట్టాలకు సజెషన్స్‌లో కనిపిస్తోంది. ఆపే దారుందా? అసలు ఇలా రెండు రకాలుగా కనిపించడం మోసమంటారా?

జవాబు 1:
పట్టించేది చాలావరకు ఫోన్ నంబరేనండీ. మీరు కాంటాక్ట్స్ ఇవ్వకపోయినా, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లు తమవి అప్‌లోడ్ చేస్తే చాలు. కవితల అకౌంట్‌కి విడిగా ఈమెయిల్ పెట్టి నంబరు తీసేయండి. రెండూ ఒకే అకౌంట్స్ సెంటర్‌లో (మీ అకౌంట్లను కలిపి చూసుకునే సెట్టింగ్స్ పేజీ) ఉంటే విడదీయండి. అందులోనే 'అప్‌లోడ్ కాంటాక్ట్స్' ఆఫ్ చేసి, ఫోన్‌లో కూడా కాంటాక్ట్స్ పర్మిషన్ తీసేయాలి. తర్వాత బ్రౌజర్‌లో లాగిన్ అయి, ఎడిట్ ప్రొఫైల్‌లో 'షో అకౌంట్ సజెషన్స్ ఆన్ ప్రొఫైల్స్' ఆపండి. ఇంత చేసీ చాలామంది కొత్త అకౌంట్‌తో మొదట పాత స్నేహితుల్నే ఫాలో అవుతారు. పని చెడేది అక్కడే, ఉమ్మడి పరిచయాలు కూడా సజెషన్‌కి ఆధారమే.

జవాబు 2:
దాచాల్సింది నాలుగైదు పోస్టులే అయితే రెండో అకౌంట్ దండగ. ఇన్‌స్టాగ్రామ్‌లో 2018 నవంబరులో వచ్చిన క్లోజ్ ఫ్రెండ్స్, అంటే మీరు ఎంచుకున్నవాళ్లకే చూపించే జాబితా చాలు. జాబితాలోంచి తీసేసినా అవతలివాళ్లకు నోటిఫికేషన్ వెళ్లదు. స్టోరీ చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది కాబట్టి అది కొందరికేనని చూసినవాళ్లకు తెలుస్తుంది, ఆ కొందరెవరో తెలియదు. వాట్సాప్ స్టేటస్‌కైతే ముందు ప్రైవసీ సెట్టింగ్, తర్వాతే పోస్టు. పెట్టేశాక మార్చితే ఆ స్టేటస్‌కి వర్తించదు, డిలీట్ చేసి మళ్లీ పెట్టాల్సిందే.

జవాబు 3:
మోసమా అన్నదానికి: మనిషి ఎదుటివాళ్లను బట్టి తీరు మార్చుకుంటాడని ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950ల్లోనే రంగస్థలంతో పోల్చి వివరించాడు. తెర ముందు ఒకలా, తెర వెనక ఇంకోలా. ఇప్పటి చిక్కల్లా మేనేజరు, మేనత్త, చిన్ననాటి స్నేహితుడు ఒకే పోస్టు ముందు చేరడం. పరిశోధకులు దీన్ని 'కాంటెక్స్ట్ కొలాప్స్' అంటారు. ముగ్గురికీ నప్పేలా రాయబోతే మాట చప్పబడిపోతుంది, కవితలో అది ఇట్టే తెలుస్తుంది. అందుకే కలం పేరు తప్పు కానే కాదు. లింక్డ్‌ఇన్‌లో లేని హోదా రాసుకోవడం, కలం పేరు రచనల్ని అసలు పేరుతో వచ్చి పరాయి పాఠకుడిలా పొగడటం, ఇవి మోసం.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. నంబరు తీసేశాక పాస్‌వర్డ్ పోతే?

జవాబు 1:
నంబరు తీసేముందే ఆ ఈమెయిల్‌ని వెరిఫై చేయండి. టూ ఫ్యాక్టర్‌కి (పాస్‌వర్డ్‌తోపాటు అడిగే రెండో కోడ్‌కి) ఎస్‌ఎంఎస్ బదులు ఆ కోడ్‌ని ఫోన్‌లోనే చూపించే అథెంటికేటర్ యాప్ పెట్టుకుని, అదీ అందనప్పుడు వాడే బ్యాకప్ కోడ్స్ కాగితం మీద రాసి ఉంచండి. కోడ్స్‌ని అదే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటే, ఫోన్‌తోపాటే అవీ పోతాయి.