పాత ఎంఎక్స్-5: ఎడమ హెడ్‌లైటు సగం లేచి ఆగిపోతోంది, మోటారు మార్చక తప్పదా?

ప్రశ్న (ఎర్రమియాటా)

నా దగ్గర 1991 నాటి తొలి తరం మాజ్డా ఎంఎక్స్-5 కారు ఉంది. దీని హెడ్‌లైట్లు బానెట్‌లో దాగి ఉండి, బటను నొక్కితే మోటారుతో పైకి లేస్తాయి. కొన్ని వారాలుగా దాని ఎడమవైపు హెడ్‌లైటు మొరాయిస్తోంది. బటను నొక్కగానే కుడివైపుది ఒక్క ఉదుటున లేస్తుంది, ఎడమది మాత్రం సగం దాకా వచ్చి, ఎవరికో కన్ను కొడుతున్నట్టు అక్కడే నిలిచిపోతుంది. ఇది రోజూ జరగదు. రాత్రంతా మంచులో ఉంచిన రోజున, లేదా కారు కడిగిన మర్నాడు తప్పకుండా ఆగుతుంది. ఎండెక్కాక ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. ఆగినప్పుడు మోటారు నుంచి చప్పుడేమీ రాదు. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంటుంది, కాని దీపం సగమే లేచి ఉండడం వల్ల కాంతి దూరానికి పోకుండా కారు ముందరి నేల మీదే పడుతుంది.

ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. స్క్రూడ్రైవరు పిడితో మోటారు మీద రెండు దెబ్బలు వేస్తే ఒక్కోసారి కదులుతుంది. నేను చూపించిన మెకానిక్కు బానెట్ ఎత్తి ఒక్క క్షణం చూసి, మోటారు కాలిపోయింది, మార్చాల్సిందే అన్నారు. దొరికే పాత మోటార్లకు కూడా నా మోటారంత వయసే ఉంటుంది కనుక, మార్చినా ఇదే తంతు మళ్ళీ మొదలవుతుందేమో అని నా అనుమానం. అసలు లోపం మోటారుదేనా అని ముందుగా తేల్చుకునే మార్గం ఏదైనా ఉందా? రాత్రి దారిలో ఇలా ఆగిపోతే ఇల్లు చేరేదెలా అన్నది కూడా చెప్పగలరు.

జవాబు (టెస్టులాంపు)

కాలిపోయిన మోటారు ఎండెక్కగానే బాగుపడదండీ. దెబ్బ వేస్తే కదలడం, తేమ ఉన్న రోజునే ఆగడం, ఈ రెండూ కలిస్తే లోపల ఎక్కడో కాంటాక్టు సరిగా అందడం లేదని నాకు అనిపిస్తోంది. అది ఏ చోట అన్నది తేల్చడమే మిగిలిన పని.

మీ రెండో ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే దానితోనే పరీక్ష కూడా మొదలవుతుంది. ఇంజను గదిలోని ఫ్యూజు పెట్టెలో రిట్రాక్టర్ అని రాసి ఉన్న 30 ఆంపియర్ల ఫ్యూజు తీసెయ్యండి. ఇది తీయకుండా అక్కడ చెయ్యి పెట్టవద్దు. ఆగిపోయిన దీపం ఉన్నట్టుండి కదిలితే, మోటారునూ దీపాన్నీ కలిపే కడ్డీల మధ్య వేలు నలిగిపోతుంది. ఆ తరువాత మోటారు కొసన ఉన్న రబ్బరు టోపీ తీస్తే చేత్తో తిప్పే చిన్న పిడి కనిపిస్తుంది. దాన్ని ఓపిగ్గా చాలాసార్లు తిప్పితే దీపం పూర్తిగా పైకి వస్తుంది, ఆ ఫ్యూజు పెట్టకుండానే ఇంటికి చేరవచ్చు. తిప్పుతున్నంతసేపూ వేళ్ళకు ఏమి తెలుస్తోందో గమనించండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా తిరిగితే గేర్లూ కడ్డీలూ బాగున్నట్టే. సగం దగ్గర బిగుసుకుంటే లోపం కరెంటుది కాకపోవచ్చు.

ఈ కారులో చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. దీపం లేవడానికి ఒక వైపు, దిగడానికి మరో వైపు మోటారు తిరుగుతుందని అనుకుంటారు. నిజానికి అది ఎప్పుడూ ఒకే దిక్కున తిరుగుతుంది. దాని ఇరుసుకు బిగించిన క్రాంకు, అంటే కడ్డీని తోసే చిన్న చేయి, అర చుట్టు తిరిగితే దీపం లేస్తుంది, మిగిలిన అర చుట్టు తిరిగితే దిగుతుంది. సరిగ్గా ఎక్కడ ఆగాలో చెప్పేది మోటారు లోపలే ఉన్న ఒక గుండ్రటి కాంటాక్టు పలక. దాని మీద రాగి ఉన్నంత మేర కరెంటు అందుతుంది, రాగి లేని చోటికి రాగానే తెగిపోయి మోటారు ఆగుతుంది. ఆ రాగి మీద ఒకచోట చిలుము పట్టిందనుకోండి, మోటారుకు అది కూడా ఆగవలసిన చోటులాగే కనిపిస్తుంది. దీపం సగంలో నిలిచిపోవడానికి ఇదే కారణమని నా అనుమానం. ఇదే పలక మరో రకంగా చెడి, ఆగవలసిన చోట కరెంటు తెగకపోతే దీపం ఆగకుండా లేస్తూ దిగుతూ ఉంటుంది.

ఫ్యూజూ డాష్‌బోర్డు మీది బటనూ రెండు దీపాలకూ ఉమ్మడి. కుడివైపుది బాగా లేస్తోంది కనుక వాటిని పక్కన పెట్టవచ్చు. ఎడమ మోటారుకు వెళ్ళే తీగల కప్లరు (ఊడదీయగల ప్లగ్గు) ఊడదీసి పిన్నులను చూడండి, పచ్చగా ఉంటే ముందు అది తుడవండి. తరువాత తీసిన ఫ్యూజు తిరిగి పెట్టి, బటను పైకి అన్న స్థితిలో ఉంచి, ఆ కప్లరు దగ్గర కరెంటు వస్తోందో లేదో చూడండి. దీన్ని మల్టీమీటరుతో మాత్రమే చూసి తృప్తిపడవద్దు. మీటరు లాగే కరెంటు అతి స్వల్పం కనుక, ఒకటి రెండు పోగులు తప్ప అన్నీ తెగిపోయిన తీగ కూడా దానికి నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది, మోటారు భారం పడేసరికి చేతులెత్తేస్తుంది. ఇండికేటరులో వాడే 21 వాట్ల బల్బుకు రెండు తీగలు కట్టి కప్లరుకు కలపండి. అది నిండుగా వెలిగితే అక్కడి దాకా వైరింగు బాగున్నట్టే. చివరగా మోటారు తిరుగుతుండగా దాని ఎర్తు తీగకూ బ్యాటరీ నెగెటివుకూ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే ఎర్తు బోల్టు విప్పి గీకవలసిందే.

జవాబు (నున్నటిరోడ్డు)

పై సలహాలో కరెంటు గురించి చెప్పినదంతా నాకు సమ్మతమే, కాని పిడి తేలిగ్గా తిరిగినంత మాత్రాన కడ్డీలు బాగున్నాయనడం తొందరపాటు. మోటారుకూ కడ్డీలకూ మధ్య గేర్లు ఉండడం వల్ల అటువైపు బిగువు చేతికి చాలా తగ్గి తెలుస్తుంది. క్రాంకు నుంచి కడ్డీని విడదీసి, దీపాన్నే చేత్తో లేపి దింపి చూడండి. కీలు దగ్గర ఏళ్ళ తరబడి చేరిన దుమ్ము తడిసి గట్టిపడితే అది ఎంత భారంగా కదులుతుందో అప్పుడు తెలుస్తుంది. నా కారులో ఇదే జరిగింది, నేను మాత్రం అప్పటికే అనవసరంగా మోటారు కొనేశాను.

చప్పుడును కూడా గమనించాలి. మోటారు గిర్రున తిరిగే చప్పుడు వస్తూ దీపం కదలకపోతే గేరు పళ్ళు అరిగాయని అర్థం. 1997 నుంచి 2004 దాకా వచ్చిన అయిదో తరం షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారులో ప్లాస్టిక్కు గేరు ఇలాగే జారిపోతుంది. మూలుగుతూ ఆగితే కీలు బిగిసింది. మీరు చప్పుడే లేదంటున్నారు కనుక నా కథ మీకు వర్తించకపోవచ్చు, అయినా చూడడానికి పది నిమిషాలకు మించి పట్టదు.

జవాబు (మూడోతరం)

నాది మూడో తరం కార్వెట్. అందులో దీపాలను లేపేది మోటారు కాదు, ఇంజను పీల్చే గాలి. రబ్బరు గొట్టం ఒక్కచోట చిట్లినా ఒక కన్ను ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఆ చిట్లిన చోటు వెతకడం సైకిలు ట్యూబులో పంక్చరు వెతకడం కన్నా కష్టం. అటు చూస్తే, మోటారూ నాలుగు తీగలూ ఉన్న మీ కారు నాకు వరంలా కనిపిస్తోంది. 1936 నాటి కార్డ్ 810 అనే కారులో దీపాలను డాష్‌బోర్డు దగ్గరి పిడులు తిప్పి చేత్తోనే లేపేవారు. ఈ గొట్టాలతో కుస్తీ పట్టిన రోజున వాళ్ళదే సుఖం అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు (ఎర్రమియాటా)

అందరికీ కృతజ్ఞతలు. చెప్పిన వరుసలోనే చూశాను. కప్లరు పిన్నులు శుభ్రంగా ఉన్నాయి. దీపం సగంలో ఆగిన ఉదయాన్నే 21 వాట్ల బల్బు కలిపితే నిండుగా వెలిగింది. ఎర్తు దగ్గర 0.2 వోల్టులే వచ్చింది. కడ్డీ విడదీస్తే దీపం వేలితో కూడా లేచింది. ఇక మోటారు విప్పక తప్పలేదు.

మూత తీయగానే కారణం కనిపించింది. గుండ్రటి రాగి పలక మీద ఒక బొటనవేలి మేర పచ్చటి చిలుము పొరగా పట్టి ఉంది, దాని చుట్టూ ఉన్న గ్రీజు ఆరిపోయిన మైనంలా గట్టిపడి, గోటితో గీకితే పెళ్ళలుగా ఊడింది. మూతకూ మోటారుకూ మధ్య ఉండే రబ్బరు ముడుచుకుపోయి ఒక మూల సందు ఇచ్చింది, తేమ వచ్చిన దారి అదే. గ్రీజంతా స్పిరిటుతో కడిగి, పలకను పెన్సిలు రబ్బరుతో మెరిసేదాకా రుద్దాను. గరుకు కాగితం వాడితే రాగి గీతలు పడి మళ్ళీ త్వరగా చిలుము పడుతుందని భయపడి దాని జోలికి పోలేదు. పలకకు ఆనుకుని ఉండే ఇత్తడి రేకులను వెంట్రుక వాసి పైకి వంచి, పల్చగా కొత్త గ్రీజు రాసి, రబ్బరు మార్చి మూత బిగించాను.

ఆ తరువాత కారును మూడుసార్లు కడిగాను, రెండు రాత్రులు మంచులో వదిలాను. ప్రతిసారీ లేచింది. ఒక్కటి మాత్రం మిగిలింది: ఎడమది కుడిదాని కన్నా అర క్షణం వెనకబడి లేస్తోంది.

జవాబు (టెస్టులాంపు)

మీరు పలకను మాత్రమే శుభ్రం చేశారు కనుక మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు పాతవే ఉన్నాయి. అర క్షణం తేడా వాటి అరుగుదల వల్ల కావచ్చు. అంతకన్నా పెరగనంత వరకు వాటి జోలికి పోనక్కరలేదు. ఆ కుడి మోటారు కూడా అదే ఏడాది తయారైంది, దాని మూత కింది రబ్బరు కూడా ముడుచుకునే ఉంటుంది. వచ్చే చలికాలం రాకముందే దాన్నీ విప్పి చూడండి.